ఒలీవియా రోడ్రిగో ‘సవర్’: తరచుగా అడిగే ప్రశ్నలు

టీవీ సీరియళ్లలో నటించే పద్దెనిమిదేళ్ల అమ్మాయి తొలి ఆల్బమ్ 2021లో ప్రపంచమంతా వినిపించింది. దాని గురించి తెలుగు శ్రోతలు అడిగే ప్రశ్నల్లో కొన్ని సంగీతానివి, కొన్ని హక్కులవి, కొన్ని లెక్కలవి. ఎక్కువ తికమక ఉన్నచోట ఎక్కువ వివరం ఇచ్చాం.

‘సవర్’ అంటే ఏమిటి, ఎప్పుడొచ్చింది?

అమెరికా నటి, గాయని ఒలీవియా రోడ్రిగో మొదటి స్టూడియో ఆల్బమ్. 2021 మే 21, శుక్రవారం విడుదలైంది. 11 పాటలు, మొత్తం కలిపి దాదాపు 35 నిమిషాలు. కంపెనీ గెఫెన్ రికార్డ్స్. ఇది యూనివర్సల్ మ్యూజిక్ కింద ఇంటర్‌స్కోప్‌తో కలిసి నడిచే సంస్థ.

తెలుగులో ఆల్బమ్ అనగానే ఒక సినిమా పాటలన్నీ కలిపిన ఆడియో గుర్తొస్తుంది. ఇది అలాంటిది కాదు. దీనికి సినిమా లేదు, కథ లేదు, పాటకు పాత్ర లేదు. ఒకే మనిషి గొంతు, ఆ మనిషి రాసుకున్న మాటలు. సీరియల్ కోసం ఆమె పాడిన పాటలు ఇందులో ఒక్కటీ లేవు.

ఆల్బమ్‌కు ముందు ఆమె ఏం చేసేది?

2003 ఫిబ్రవరి 20న కాలిఫోర్నియాలోని మురియెటాలో పుట్టింది. నాన్న వైపు మూలాలు ఫిలిప్పీన్స్‌వి. 2016 నుంచి 2019 దాకా డిస్నీ చానెల్ ‘బిజార్డ్‌వార్క్’లో పెయిజ్ ఓల్వెరా పాత్ర చేసింది. ఆ పాత్ర కోసమే గిటార్ నేర్చుకుంది. తర్వాత 2019 నవంబరులో డిస్నీ ప్లస్ మొదలైన రోజే ఆ వేదిక మీదికి వచ్చిన ‘హై స్కూల్ మ్యూజికల్: ద మ్యూజికల్: ద సిరీస్’లో నీనీ పాత్ర.

ఆ సీరియల్ మొదటి సీజన్‌లో ‘ఆల్ ఐ వాంట్’ అనే పాట ఉంది. దాన్ని నటిస్తున్న అమ్మాయే రాసింది, స్వరపరిచింది. పెద్దగా ప్రచారం లేకుండానే ఆ పాట 2020 జనవరిలో బిల్‌బోర్డ్ హాట్ 100లో (అమెరికాలో వారంవారం వచ్చే మొదటి వంద పాటల జాబితా) 90వ స్థానానికి చేరింది. స్థానం చిన్నదే కావచ్చు, కానీ సీరియల్ చూడనివాళ్లు కూడా ఆమె పాట వెతుక్కుని వింటారని మొదట చెప్పింది ఆ పాటే.

డిస్నీకి సొంత పాటల కంపెనీ ఉందిగా. మరి బయటి కంపెనీకి ఎందుకు వెళ్లింది?

ఉంది. హాలీవుడ్ రికార్డ్స్ డిస్నీదే. హిలరీ డఫ్, మైలీ సైరస్, సెలీనా గోమెజ్, డెమీ లొవాటో అందరూ ఆ దారినే వచ్చారు. సీరియల్‌లో పేరు, అదే గూటి కంపెనీలో ఆల్బమ్, అదే చానెల్లో ప్రచారం. ఒలీవియా మాత్రం 2020లో గెఫెన్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ ఒప్పందంలో తన మాస్టర్ల మీద హక్కు తన దగ్గరే ఉంచుకుందని ఆల్బమ్ వచ్చినప్పుడు పత్రికలు రాశాయి.

మాస్టర్ అంటే స్టూడియోలో రికార్డయిన అసలు ధ్వని. ఒక పాట మీద రెండు వేర్వేరు ఆస్తులు ఉంటాయి. మొదటిది సాహిత్యం, స్వరం. ఇది రాసినవాళ్లది, వాళ్ల తరఫున ఆ హక్కులు చూసే పబ్లిషర్‌ది. రెండోది రికార్డింగ్. ఇది సాధారణంగా డబ్బు పెట్టిన కంపెనీది. సినిమాలోనో ప్రకటనలోనో ఆ రికార్డింగ్ వాడాలంటే ఇద్దరి అనుమతీ కావాలి. కొత్తగా వచ్చిన పిల్లలు మామూలుగా రెండోదాన్ని కంపెనీకి వదిలేస్తారు, ఎందుకంటే బేరమాడే బలం ఉండదు. టేలర్ స్విఫ్ట్ మొదటి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లు 2019లో ఆమె ఇష్టంతో పనిలేకుండా చేతులు మారాక ఈ విషయం ఇంటింటి చర్చ అయింది. ఆ పాఠం చూసిన తరం ఒలీవియాది. పదిహేడేళ్ల వయసులో ఆమె తీసుకున్న నిర్ణయాలన్నిటిలో బరువైనది ఇదే అని మా అభిప్రాయం.

మైనర్‌తో ఇలాంటి ఒప్పందాలు చెల్లుతాయా?

ఇది ఒలీవియా ఒక్కదాని ప్రశ్న కాదు. కాలిఫోర్నియాలో మైనర్ చేసిన ఒప్పందాన్ని ఆ మైనరే తర్వాత కాదనగలరు. అందుకే వినోద రంగంలో కంపెనీలు కోర్టు ఆమోదం తీసుకునే వీలు చట్టంలో ఉంది. ఆమోదం వచ్చాక మైనర్ననే కారణంతో వెనక్కి తగ్గడం కుదరదు. అలాగే కూగన్ చట్టం కింద పిల్లల స్థూల సంపాదనలో కనీసం 15 శాతం పక్కన పెట్టి, పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఎవరూ ముట్టుకోలేని ట్రస్ట్ ఖాతాలో వేయాలి.

షూటింగ్ గంటలకూ పరిమితి ఉంది. 16 నుంచి 18 ఏళ్ల మధ్యవాళ్లకు బడి రోజుల్లో సెట్ మీద ఆరు గంటల పని, మూడు గంటల చదువు, ఒక గంట విశ్రాంతి. సీరియల్ చేస్తూ ఆల్బమ్ రాసుకునే అమ్మాయికి రోజులో ఇంకెంత మిగులుతుందో లెక్క వేసుకోవచ్చు.

పాటలు నిజంగా తనే రాసిందా, పేరు వేయించుకుందా?

తనే రాసింది. పదకొండు పాటల్లోనూ రచయితగా ఆమె పేరుంది. ‘ఇనఫ్ ఫర్ యు’, ‘హ్యాపియర్’ ఆమె ఒక్కతే రాసినవి. మిగతావాటిలో ఎక్కువ భాగం నిర్మాత డేనియల్ నీగ్రోతో కలిసి రాసినవే. ‘జెలసీ, జెలసీ’లో కేసీ స్మిత్ అనే మరో రచయిత్రి ఉంది. అమెరికాలో పాప్ ఆల్బమ్ అంటే ఒక్కో పాటకు ఆరేడుగురు రచయితలు, పాటకో నిర్మాత ఉండటం మామూలు. ఇక్కడ మొదటి నుంచి చివరిదాకా ప్రధానంగా ఇద్దరే కనిపిస్తారు. ఆల్బమ్ ఒకే డైరీ చదివినట్టు అనిపించడానికి కారణం అదే.

డేనియల్ నీగ్రో ఎవరు? ఆయన పని ఏమిటి?

‘యాజ్ టాల్ యాజ్ లయన్స్’ అనే రాక్ బృందానికి ఒకప్పటి గాయకుడు. తర్వాత ఇతరులకు పాటలు రాయడం, నిర్మించడం మొదలుపెట్టాడు. ఒలీవియా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ‘హ్యాపియర్’ ముక్క విని 2020లో ఆమెకు కబురు పెట్టాడు. ఆల్బమ్‌లో ఎక్కువ భాగం లాస్ ఏంజెలెస్‌లోని ఆయన ఇంటి స్టూడియోలోనే తయారైంది.

నిర్మాత అనగానే మనకు పెట్టుబడి పెట్టేవాడు తోస్తాడు. పాటల్లో ఆ మాటకు అర్థం వేరు, మన సంగీత దర్శకుడికీ రికార్డింగ్ ఇంజినీరుకూ మధ్య పని. ఏ వాయిద్యం ఎక్కడ రావాలి, ఎక్కడ ఆగాలి, ఎన్నో టేకు ఉంచాలి, గొంతు మీద గొంతు ఎన్ని పొరలు వేయాలి అన్నీ ఆయనే చూస్తాడు. ‘సవర్’లో నీగ్రో చేసిన గొప్ప పని తగ్గించడం. ‘వన్ స్టెప్ ఫార్వర్డ్, త్రీ స్టెప్స్ బ్యాక్’లో పియానో, గొంతు తప్ప దాదాపు ఏమీ లేదు. ‘గుడ్ 4 యు’కు ఆయనతో పాటు అలెగ్జాండర్ 23 అనే గాయకుడు కూడా నిర్మాత.

‘డ్రైవర్స్ లైసెన్స్’ పాటకు అంత ఊపు ఎలా వచ్చింది?

ముందు తేదీలు. 2021 జనవరి 8న విడుదలైంది. జనవరి 12న ఒక్కరోజే స్పాటిఫైలో ప్రపంచవ్యాప్తంగా కోటీ 70 లక్షలకు పైగా సార్లు వినిపించింది. క్రిస్మస్ పాటలను పక్కన పెడితే అప్పటికి అదే ఒక రోజు రికార్డు. బిల్‌బోర్డ్ హాట్ 100లో నేరుగా మొదటి స్థానంలో దిగి ఎనిమిది వారాలు, బ్రిటన్‌లో తొమ్మిది వారాలు అక్కడే ఉంది.

ఇక పాట నిర్మాణం. మొదట కారు తాళం పెట్టినప్పుడు మోగే టింగ్ టింగ్ వినిపిస్తుంది. ఆ శబ్దమే మెల్లగా పియానో స్వరంగా మారుతుంది. చరణాల్లో పియానో, గొంతు, అడుగున కాస్త బేస్ అంతే. రెండో పల్లవి అయ్యాక బ్రిడ్జ్ వస్తుంది. పల్లవికీ చరణానికీ చెందని ఈ మూడో భాగంలోనే పాట ప్రాణం ఉంది. అక్కడ ఒకేసారి డ్రమ్స్ వస్తాయి, ఆమె గొంతే పొరలు పొరలుగా పెరిగి పెద్ద బృందగానం అయిపోతుంది. రోడ్డు మీద రెడ్ లైట్లు, స్టాప్ బోర్డులు, తెల్లటి కార్లు అన్నీ వదిలివెళ్లిన మనిషినే గుర్తు చేస్తాయి. ఆ హోరు ఆగగానే మళ్లీ పియానో ఒక్కటే. నాలుగు నిమిషాల పాటలో గట్టిగా ఉన్నది అర నిమిషమే, అయినా గుర్తుండేది ఆ అర నిమిషమే. మొదటి రెండున్నర నిమిషాలూ ఓపిగ్గా తగ్గి ఉండటం వల్లే అది సాధ్యమైంది.

పదిహేడేళ్ల అమ్మాయికి లైసెన్స్ ఏమిటి? మనకు 18 కదా?

కాలిఫోర్నియాలో పదిహేనున్నర ఏళ్లకే లెర్నర్ పర్మిట్ ఇస్తారు. దాన్ని ఆరు నెలలు ఉంచుకుని, పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని 50 గంటలు (అందులో 10 గంటలు రాత్రిపూట) నడిపి పరీక్ష పాసైతే పదహారేళ్లకు తాత్కాలిక లైసెన్స్ వస్తుంది. మొదటి ఏడాది రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 దాకా నడపకూడదు. 25 ఏళ్లు నిండిన లైసెన్స్‌దారు పక్కన లేకుండా 20 ఏళ్లలోపువాళ్లను ఎక్కించుకోకూడదు.

బస్సులు తక్కువ, ఇళ్లు దూరం దూరంగా ఉండే కాలిఫోర్నియా శివారు ఊళ్లలో లైసెన్స్ అంటే ఒంటరిగా ఇల్లు దాటగలగడం. ఎవరి ఇంటికి వెళ్దామని ఆ కార్డు కోసం ఎదురుచూసిందో ఆ మనిషే లేకపోతే? పాట మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది. మన దగ్గర మొదటి బండి తాళాలు చేతికి వచ్చిన రోజు ఎలాంటిదో తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

మొదట చిన్న ఈపీ అనుకున్నారట, నిజమేనా?

నిజమే. ఈపీ అంటే పూర్తి ఆల్బమ్ కన్నా చిన్నది, కొద్ది పాటలదే. దానితోనే మొదలుపెడదామనుకున్నారు. ‘డ్రైవర్స్ లైసెన్స్’ అంత పెద్దది అయ్యేసరికి పూర్తి ఆల్బమ్‌కు మళ్లారు. జనవరి 8 నుంచి మే 21కి నాలుగున్నర నెలలు కూడా లేవు. ఒక పాటతో పేలిపోయిన కొత్త గాయకులకు తొందర రెండు రకాలుగా దెబ్బతీస్తుంది. ఒకటి, అదే పాటను మళ్లీ మళ్లీ రాసేస్తారు. రెండు, ఆలస్యం చేస్తే జనం మరిచిపోతారు. ఒలీవియా రెండో పాటగా ఏప్రిల్ 1న ‘దేజా వు’ ఇచ్చింది, అది నెమ్మదిగా సాగే పియానో పాట (బ్యాలడ్) కాదు. మూడోదిగా మే 14న ‘గుడ్ 4 యు’ ఇచ్చింది, అది గిటార్లతో అరిచే పాప్ పంక్. అది కూడా నేరుగా మొదటి స్థానంలో దిగింది. ఒక తొలి ఆల్బమ్‌లో రెండు పాటలు అలా దిగడం అదే మొదటిసారి. సీరియల్ రెండో సీజన్ కూడా అదే మే 14న మొదలైంది.

పాటలు ఏ వరసలో వినాలి?

ఇచ్చిన వరసలోనే. షఫుల్ ఆపేయండి. ఉచిత ఖాతాల్లో ఒక్కోసారి షఫుల్ దానంతట అదే ఆన్ అవుతుంది, మధ్యలో వేరే పాటలూ చొరబడతాయి.

వరస ఇది: బ్రూటల్, ట్రెయిటర్, డ్రైవర్స్ లైసెన్స్, వన్ స్టెప్ ఫార్వర్డ్ త్రీ స్టెప్స్ బ్యాక్, దేజా వు, గుడ్ 4 యు, ఇనఫ్ ఫర్ యు, హ్యాపియర్, జెలసీ జెలసీ, ఫేవరెట్ క్రైమ్, హోప్ యుఆర్ ఓకే.

‘బ్రూటల్’ మొదలైన తీరు గమనించండి. కొన్ని సెకన్లు వయొలిన్లు మధురంగా సాగుతాయి, ఇంకో ఏడుపు పాట అనుకుంటాం. అంతలో ఇలా కాదు, గజిబిజిగా ఉండాలి అన్నట్టు ఆమె ఒక మాట అంటుంది, వెంటనే గరగరలాడే గిటార్ మీద పడుతుంది. ఇయర్‌ఫోన్స్‌లో వింటుంటే వయొలిన్లు చిన్నగా ఉన్నాయని వాల్యూమ్ పెంచకండి, చెవులు అదురుతాయి. బ్యాలడ్ కోసం వచ్చినవాళ్లను మొదటి అర నిమిషంలోనే సరిచేసి కూర్చోబెట్టడం చాలా తెలివైన ఎంపిక.

చివరి పాట ‘హోప్ యుఆర్ ఓకే’ ప్రేమ గురించి కాదు. చిన్నప్పుడు తెలిసిన, ఇంట్లో ఆదరణ దొరకని పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నా బాగుండాలని కోరుకునే పాట. పది పాటలు తన గాయం గురించి చెప్పి పదకొండోదాన్లో ఇతరుల వైపు తిరుగుతుంది. కొందరు దీన్ని మిగతావాటితో కలవదంటారు. మాకు మాత్రం అది సరైన చోటే ఉంది.

వెతికేటప్పుడు చిన్న జాగ్రత్త. ‘హ్యాపియర్’ పేరుతో ఇతరుల పాటలు చాలా ఉన్నాయి, కాబట్టి గాయని పేరు కలిపి వెతకండి. ఆల్బమ్ పేరు మొత్తం పెద్దక్షరాల్లో, పాటల పేర్లు మొత్తం చిన్నక్షరాల్లో ఉంటాయి. అది అచ్చుతప్పు కాదు, కావాలనే అలా పెట్టారు.

పేరు ‘సవర్’ ఎందుకు?

వయసొస్తుంటే బాగున్నవన్నీ ఒక్కొక్కటిగా పుల్లబడిపోవడం అన్న అర్థంలో పెట్టానని ఆమె చెప్పింది. తెలుగులో దీనికి ఇంకా దగ్గరి మాట ఉంది. పాలూ విరుగుతాయి, మనసూ విరుగుతుంది. క్రియ ఒక్కటే. ముఖచిత్రంలో ఊదారంగు గోడ ముందు, మొహం నిండా స్టిక్కర్లతో, బయటపెట్టిన నాలుక మీద ఆల్బమ్ పేరు అక్షరాలతో ఆమె కనిపిస్తుంది.

విడుదలయ్యాక రచయితల పేర్లు మారాయట. కాపీ కొట్టిందా?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. మూడు పాటలున్నాయి, మూడూ ఒకటి కాదు.

‘వన్ స్టెప్ ఫార్వర్డ్, త్రీ స్టెప్స్ బ్యాక్’: టేలర్ స్విఫ్ట్ 2017 పాట ‘న్యూ ఇయర్స్ డే’ పియానో వరస మీద కట్టిన పాట. విడుదలకు ముందే అడిగి అనుమతి తీసుకున్నారు. దాన్ని రాసిన స్విఫ్ట్, జాక్ ఆంటొనాఫ్ పేర్లు మొదటి రోజు నుంచే ఉన్నాయి.

‘దేజా వు’: ఇందులో అరిచినట్టు పాడే భాగానికి స్విఫ్ట్ ‘క్రూయల్ సమ్మర్’ స్ఫూర్తి అని ఒలీవియానే ఇంటర్వ్యూల్లో చెప్పింది. 2021 జులైలో ఆ పాట రాసిన స్విఫ్ట్, ఆంటొనాఫ్, గాయని సెయింట్ విన్సెంట్ పేర్లు చేర్చారు.

‘గుడ్ 4 యు’: పారమోర్ బృందం 2007 పాట ‘మిజరీ బిజినెస్’కు దగ్గరగా ఉందని శ్రోతలు రెండూ కలిపి వినిపించడం మొదలుపెట్టారు. ఆగస్టులో ఆ పాట రాసిన హేలీ విలియమ్స్, జాష్ ఫారో పేర్లు చేరాయి.

వీటిని ఇంటర్‌పొలేషన్ అంటారు. అంటే పాత పాట స్వరాన్నో తీగల వరసనో కొత్తగా వాయించి వాడుకోవడం. పాత రికార్డింగ్‌నే కోసి అతికిస్తే అది శాంపిల్. శాంపిల్‌కు రెండు అనుమతులు కావాలి, ఒకటి రాసినవాళ్లది, ఒకటి మాస్టర్ ఉన్నవాళ్లది. ఇంటర్‌పొలేషన్‌కు మొదటిది చాలు. పేరు చేరిందంటే ఆ పాట రచన మీద వచ్చే రాయల్టీలో ఆ రచయితలకు వాటా వెళ్తుంది. మాస్టర్ ఆదాయానికి దానితో సంబంధం లేదు. పైన చెప్పిన రెండు ఆస్తుల తేడా ఇక్కడ అక్కరకొస్తుంది.

పేరు చేర్చడం నేరం ఒప్పుకోవడం కాదు. 2015లో ‘బ్లర్డ్ లైన్స్’ అనే పాట గాయకుడు మార్విన్ గే పాత పాటను పోలి ఉందన్న కేసులో ఆయన కుటుంబానికి అనుకూలంగా జ్యూరీ తీర్పు వచ్చినప్పటి నుంచి, ఒక పాట నడక మరో పాటను గుర్తుచేసినా కంపెనీలు కోర్టుదాకా వెళ్లనివ్వకుండా వాటా ఇచ్చేస్తున్నాయి. ఇందులో ఒక అన్యాయం కూడా ఉంది. ‘దేజా వు’ విషయంలో తనకు ఏ పాట నచ్చిందో నిజాయితీగా చెప్పడమే అమ్మాయికి ఖర్చయింది. అదే సమయంలో ‘బ్రూటల్’ గిటార్ తన ‘పంప్ ఇట్ అప్’లా ఉందని ఎవరో అంటే ఇంగ్లిష్ రాక్ గాయకుడు ఎల్విస్ కాస్టెలో తనకేం అభ్యంతరం లేదని, రాక్ సంగీతం ఇలాగే నడుస్తుందని బహిరంగంగా చెప్పాడు. పాట ఎలా పుడుతుందో తెలిసిన పెద్దమనిషి మాట అది.

మొదటి వారం 2,95,000 ‘యూనిట్లు’ అంటే ఏమిటి? అన్ని సీడీలు అమ్ముడయ్యాయా?

కాదు. అప్పటి బిల్‌బోర్డ్ లెక్క ప్రకారం ఒక ఆల్బమ్ కొంటే ఒక యూనిట్. విడిగా పది పాటలు కొన్నా ఒక యూనిట్. డబ్బు కట్టిన ఖాతాల్లో 1,250 సార్లు గానీ, ప్రకటనలతో వచ్చే ఉచిత ఖాతాల్లో 3,750 సార్లు గానీ పాటలు వింటే ఒక యూనిట్.

‘సవర్’ మొదటి వారం అమెరికాలో నిజంగా అమ్ముడైన ఆల్బమ్‌లు 72,000. పాటలు దాదాపు 30 కోట్ల సార్లు విన్నారు, దాన్నుంచి సుమారు 2,18,000 యూనిట్లు వచ్చాయి. మిగిలిన కొద్దిపాటి యూనిట్లు విడి పాటల అమ్మకాలవి. 30 కోట్లను 1,250తో భాగిస్తే 2,40,000 రావాలి. అంతకన్నా కాస్త తక్కువ వచ్చిందంటే విన్న సార్లలో ఎక్కువ భాగం డబ్బు కట్టిన ఖాతాల్లోవే అన్నమాట. ఆ వారం పదకొండు పాటలూ హాట్ 100లో మొదటి 30 స్థానాల్లో ఉన్నాయి. బ్రిటన్‌లో ఆల్బమ్, ‘గుడ్ 4 యు’ ఒకే వారం మొదటి స్థానంలో ఉండి, ఆ ఘనత సాధించిన అతి పిన్న వయసు సోలో కళాకారిణి అయింది. అప్పటికి ఆమె వయసు 18 ఏళ్ల 3 నెలలు.

వినైల్ మూడు నెలలు ఆలస్యంగా ఎందుకొచ్చింది?

వినైల్ అంటే గ్రామఫోన్ రికార్డు. 2021లో వాటిని నొక్కే ఫ్యాక్టరీలు చాలక నెలల తరబడి వరస ఉండేది. డిజిటల్, సీడీ మే 21న వస్తే వినైల్ ఆగస్టు 20న వచ్చింది. ఆ వారం అమెరికాలో 76,000 వినైల్ కాపీలు అమ్ముడై బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల జాబితాలో ఇది మళ్లీ మొదటి స్థానానికి ఎక్కింది. 12 అంగుళాల రికార్డు ఒక్కో వైపు ఇరవై నిమిషాల దాకా హాయిగా పడుతుంది. 35 నిమిషాల ఆల్బమ్ కాబట్టి ఒక్క రికార్డు చాలు, ధ్వని నలగదు.

పిల్లలకు వినిపించవచ్చా?

డిస్నీ అమ్మాయి కదా అని ఎనిమిదేళ్ల పాప చేతికి ఇచ్చేసిన తల్లిదండ్రులు ‘బ్రూటల్’ దగ్గరే ఉలిక్కిపడతారు. ‘బ్రూటల్’, ‘డ్రైవర్స్ లైసెన్స్’, ‘వన్ స్టెప్ ఫార్వర్డ్, త్రీ స్టెప్స్ బ్యాక్’, ‘గుడ్ 4 యు’లలో బూతు మాట ఉంది. హింస, మత్తు గురించిన పాటలు కావు. ఎక్కువగా కోపం, అసూయ, నేను చాలనా అన్న బాధ. పదమూడు దాటిన పిల్లలు వింటుంటే పక్కన కూర్చుని వినడం మంచిది. ‘జెలసీ, జెలసీ’ ఫోన్‌లో అందరి అందమైన బొమ్మలు చూసి తన మీద తనకే అసహ్యం కలగడం గురించి, పదిహేనేళ్ల పిల్లతో మాట మొదలుపెట్టడానికి అంతకన్నా మంచి పాట దొరకదు.

ఫ్యామిలీ ఖాతాలో పెద్దల మాటలున్న పాటలను ఆపే సెట్టింగ్ పెడితే ఈ పాటలు బూడిద రంగులోకి మారి మోగవు. యాప్ చెడిపోయిందని తీసి మళ్లీ వేసుకోకండి, ముందు ఆ సెట్టింగ్ చూడండి.

‘డ్రైవర్స్ లైసెన్స్’ పాడాలంటే శ్రుతి ఎంత? ఎక్కడ తప్పుతుంది?

బి ఫ్లాట్ మేజర్, మన లెక్కలో ఆరున్నర. గిటార్ మీద మూడో మెట్టుకు కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి జి మేజర్ వేళ్లతో వాయిస్తే సరిపోతుంది. నిమిషానికి 144 బీట్లు, కానీ నడక దాని సగంలో, 72లో ఉన్నట్టు తోస్తుంది. మెట్రొనోమ్ 72కి పెట్టుకుంటే తేలిక.

తప్పు జరిగేది ఎప్పుడూ ఒకేచోట. మొదటి చరణం గొంతులో కింది భాగంలో, దాదాపు మాట్లాడినట్టు ఉంటుంది. అక్కడ వినపడటం లేదని శ్రుతి పెంచేస్తారు. రెండున్నర నిమిషాల తర్వాత బ్రిడ్జ్‌లో గొంతు అందక కీచుమంటుంది. కాబట్టి ముందు బ్రిడ్జ్ పాడి చూసి, అది సుఖంగా వచ్చే శ్రుతిని పెట్టుకుని, చరణాలను మైక్‌కు దగ్గరగా చిన్నగా పాడండి. ఇంకో మాట. రికార్డులో ఆ బ్రిడ్జ్ ఒక్క గొంతు కాదు, ఎన్నో పొరలు. ఒక్కరే పాడేటప్పుడు అంత హోరు రాలేదని అరవకండి. స్కూల్ వేదిక మీదయితే వెనక నలుగురిని పెట్టుకోండి, పాట లేచి నిలబడుతుంది.

‘గుడ్ 4 యు’లో ఇబ్బంది శ్రుతి కాదు, ఊపిరి. చరణాల్లో మాటలు ఒకదాని మీద ఒకటి వస్తాయి. ఊపిరి తీసే చోట్లు ముందే కాగితం మీద గుర్తుపెట్టుకోవాలి.

తెలుగులో రాసి కవర్‌గా పెట్టొచ్చా?

యూట్యూబ్‌లో అదే ఇంగ్లిష్ మాటలతో పాడి పెడితే సాధారణంగా పబ్లిషర్ క్లెయిమ్ వస్తుంది. వీడియో ఉంటుంది, ప్రకటనల డబ్బు వాళ్లకు వెళ్తుంది. కరోకే ట్రాక్ వేరేవాళ్లది వాడితే వాళ్ల క్లెయిమ్ కూడా పడుతుంది, కాబట్టి సొంతంగా వాయించుకోండి.

తెలుగు సాహిత్యం పెట్టడం వేరే సంగతి. అది అనుసరణ, రచయితల పబ్లిషర్ దగ్గర ముందుగా అనుమతి కావాలి. మన కాపీరైట్ చట్టంలో 31సి సెక్షన్ కింద కవర్ వెర్షన్లకు చట్టబద్ధ లైసెన్స్ ఉంది కానీ, మొదటి రికార్డింగ్ జరిగిన సంవత్సరం ముగిశాక అయిదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీలకు రాయల్టీ ముందే కట్టాలి, పైగా పాటను మార్చకూడదు. కొత్త భాష అందులో ఇమడదు. ‘దేజా వు’, ‘గుడ్ 4 యు’ లాంటి వాటిలో తర్వాత చేరిన రచయితల పబ్లిషర్ల అనుమతి కూడా అడగాల్సి వస్తుంది, పని ఇంకా పెరుగుతుంది.

ఈ పాటలు ఎవరి గురించి?

ఒలీవియా ఎవరి పేరూ చెప్పలేదు. మేమూ ఊహలు రాయం.

అవార్డులు ఏం వచ్చాయి?

2022 ఏప్రిల్ 3న లాస్ వేగాస్‌లో జరిగిన గ్రామీల్లో ఏడు నామినేషన్లు, మూడు అవార్డులు. ఉత్తమ కొత్త కళాకారిణి, ఉత్తమ పాప్ వోకల్ ఆల్బమ్, ‘డ్రైవర్స్ లైసెన్స్’కు ఉత్తమ పాప్ సోలో. ‘ఏడాది ఆల్బమ్’ అవార్డు గాయకుడు జాన్ బటిస్ట్‌కు, ‘ఏడాది పాట’, ‘ఏడాది రికార్డు’ అవార్డులు సిల్క్ సానిక్ అనే జంటకు వెళ్లాయి.

35 నిమిషాల పాటలతో కచేరీ ఎలా చేసింది?

కష్టంగానే. 2022 ఏప్రిల్ 5న పోర్ట్‌లండ్‌లో మొదలైన టూర్‌లో ఆల్బమ్ మొత్తం పాడినా సమయం మిగిలేది. అందుకని తనకు ఇష్టమైన పాత రాక్ పాటలు కలిపింది, టొరంటోలో కెనడా గాయని అవ్రిల్ లవీన్ స్వయంగా వేదిక మీదికి వచ్చి కలిసి పాడింది. స్టేడియాలు నిండే పేరున్నా థియేటర్లే ఎంచుకుంది. చాలామందికి టికెట్లు దొరక్క కోపం వచ్చింది, కానీ ఒక్క ఆల్బమ్ వయసున్న గాయనికి ఆ కొలత సరైనదే.

సీడీ కొనాలా, వినైలా, ఏది మేలు?

ఇంట్లో టర్న్‌టేబుల్ లేకపోతే వినైల్ గోడకు పెట్టుకోవడానికే. సీడీలో రచయితల వివరాలు చూసేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. 2021 మేలో అచ్చయిన మొదటి కాపీల మీద ‘దేజా వు’, ‘గుడ్ 4 యు’ కింద తర్వాత చేరిన పేర్లు ఉండవు. యాప్‌లో పాట పక్కనున్న మూడు చుక్కలు నొక్కి క్రెడిట్స్ తెరిస్తే ఇప్పటి జాబితా కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.